నల్లబడని వెండి

...నల్లబడాలి కదా. అసలు నల్లబడకపోవడమే తప్పు కదా. ఆ సంగతి రెండేళ్లలో ఏ శుక్రవారమూ తోచకుండా, ఈ ఆదివారం పూట, పొయ్యి మీద చారు మరుగుతుండగా ఎందుకు తోచింది? తోచలేదు. ఒకరు వచ్చి చెబితే తెలిసింది. తోచడం వేరు, తెలియడం వేరు. ఇప్పుడు ఆ తేడాను కూడా చెరిపేసి, ఎవరూ చెప్పకముందే నాకు తెలుసు అనిపించుకోవాలని మనసు తొందరపడుతోంది. ఎవరి చేత అనిపించుకోవాలని?

రాధాకుమారి చేతిలోని చెంచాను గట్టు మీద పెట్టింది. మళ్లీ తీసింది.

వెండి ఊరుకోదమ్మా, అనేవాడు నాన్న. గుడ్డు తగిలితే నల్లబడుతుంది, గాలి తగిలితే నల్లబడుతుంది, మరిచిపోయి మూలపెడితే అలిగి నల్లబడుతుంది. తను మాత్రం ప్రతి శుక్రవారం పాత పంచె గుడ్డ మీద విభూది చల్లుకుని ఒక్కొక్క చెంచానూ తుడుస్తూ, రెండేళ్లుగా ఒక్క మచ్చ లేదు చూశావా, నా చేతి చలవ అని మురిసిపోయింది. ఊరికే మురిసిపోలేదు. కాలవల ఇంజనీరు భార్యకు పాఠం కూడా చెప్పింది. శ్రద్ధ ఉంటే వెండి మసిబారదండీ అని.

ఆ శ్రద్ధే పోయిన శుక్రవారం గంగామణిని ఇంట్లోంచి వెళ్లగొట్టింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పన్నెండు ఫోర్కులు ఉండాల్సిన మఖమల్ పెట్టెలో పదకొండే ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో అంట్లు తోముతున్న మనిషిని, పక్కింటి ఆడవాళ్లు గోడ మీంచి చూస్తుండగా, దొంగ అంది రాధాకుమారి. పోలీసుల్ని పిలుస్తానంది. భర్త హరనాథబాబే అడ్డుపడ్డాడు. "పోనివ్వు రాధా, పేదమనిషి. ఒక్క ఫోర్కు కోసం పోలీసులెందుకు?" ఆ మాట విని, ఈయన మనసు ఎంత పెద్దది అనుకుంది. తన మనసు ఎంత చిన్నదో అనుకుని ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు కూడా.

ఆ పెద్ద మనసు సంగతి గంట కిందట గంగామణే తెచ్చి పెరటి గుమ్మంలో పెట్టింది.

"లోపలికి రానమ్మా. దొంగను గద. ఈడికెంచే మాట్లాడ్త."

"ఎందుకొచ్చావు?"

"నీ ముండ్ల చెంచ ఇచ్చిపోదామని."

కొంగుముడి విప్పి ఫోర్కు గడప మీద పెట్టింది. ఒక ముల్లు కొంచెం వంకరగా ఉంది.

"అయితే నువ్వే తీశావన్నమాట."

"తీసిన. తీసిన అనే అంటున్న గద. ఆవకాయ జాడి మూత బిర్రుగుంటే దీంతోని లేపబోయిన. ముల్లు వంగింది. నువ్వు జూస్తే పానం తీస్తవని, పిట్లంల వెండి పనిజేసే ఆయన నాకెరుక, సక్కగ జేపిచ్చి తెల్లారి పెట్టెల పెడ్దామనుకున్న. ఆయన లగ్గానికి పోయిండు. నువ్వు గా దినమే లెక్క జూస్తివి. అడిగినప్పుడన్న చెప్తే అయిపోతుండె. భయమైంది. అది నా తప్పే."

ఇరవై ఏళ్ల కిందట, కాలవ నీళ్లు చూసి తూర్పు నుంచి వచ్చి ఈ బాన్సువాడలో వరి వేసిన కొత్తలో, పనిమనిషి తనను నువ్వు అంటుంటే రాధాకుమారికి ఒళ్లు మండేది. తర్వాత అది ఇక్కడి మాట తీరని తెలిసింది. ఆ తర్వాత గంగామణి నోట నువ్వు అన్నప్పుడే తను ఈ ఊరి మనిషినన్నట్టు ఉండేది. ఇవాళ ఆ నువ్వు మళ్లీ మొదటి రోజులా వినబడింది.

"సరే. బాగు చేయించలేదేం మరి?"

"ఆయన జూసి నవ్విండు. రాయి మీద గీకి జూసిండు. 'ఏందవ్వా, గిది వెండని ఎవరు జెప్పిండ్రు నీకు? గిది జర్మన్ సిల్వర్. సంతల తట్టలల్ల పెట్టి అమ్ముతరు. దీన్ని సక్కజేస్తే నా కొలిమికి నామోషి' అన్నడు."

"అబద్ధం."

"నాకేమొస్తదమ్మా అబద్ధమాడి? వెండి దొంగ అంటివి నన్ను. దాంట్ల గింతంత వెండి లేదు. రేకు దొంగ అను, ఒప్పుకుంట." గంగామణి నవ్వబోయింది. నవ్వు రాలేదు. "బీడీల కార్ఖాన జమేదారు నాకు ఆకు ఇయ్యనంటుండు. దొంగ చేతికి తంబాకు ఎట్ల ఇయ్యాలె అంటుండు. ఆకు లేకుంటే నేనూ నా బిడ్డా ఏం జేసుకోని బత్కాలె? నువ్వు నలుగుర్ల ముంగట అంటివి. గట్లనే నలుగుర్ల ముంగట, గంగామణి దొంగ గాదు అను. ఇయ్యాల పట్నం పెద్దసారు వస్తుండట గద మీ ఇంటికి. ఆయన ముంగట అంటే జమేదారు గూడ ఇంటడు. నీ పని నాకొద్దు. గా మాట ఒక్కటి చాలు."

అని వెళ్లి బావి గట్టు మీద కూర్చుంది. "నీ తీరిక జూసుకొనే అను. నేనీడ్నే ఉంట."

రాధాకుమారి గడప మీది ఫోర్కును తన కొంగున ముడివేసుకుంది. గంగామణి ఇంకా అక్కడే ఉంది. కిటికీలోంచి ఆమె వీపు కనబడుతోంది.

నాన్న చెప్పిన పరీక్ష ఒకటుంది. చిన్నప్పుడు కాకినాడలో, చారు గిన్నెలో చెంచా వేసి, కాడ పట్టుకో అనేవాడు. చురుక్కుమని చెయ్యి తీసేస్తే నవ్వేవాడు. "చూశావా, వెండి వేడిని దాచుకోలేదు. లోపలిది వెంటనే చేతికి చెప్పేస్తుంది. మిగతా లోహాలన్నీ మనుషుల్లాంటివి."

రాధాకుమారి దేవుడి గూట్లోంచి అమ్మ తాలూకు వెండి ఉద్ధరిణి తెచ్చింది. తీర్థం పోసే చెంచాను చారులో ముంచడం ఏం పని? ముంచింది. పక్కనే పెట్టెలోని చెంచా ఒకటి ముంచింది. రెండు కాడలూ రెండు చేతుల్తో పట్టుకుంది. ఊపిరి ఒకసారి తీసి వదిలేలోపు ఉద్ధరిణి కాలింది. చెయ్యి వదిలేసింది, అది గిన్నెలో పడింది. రెండో చేతిలోని చెంచా చల్లగా, పెద్దమనిషి తరహాగా, ఏమీ జరగనట్టు ఉండిపోయింది.



భోజనాల గదిలో అడుగుల చప్పుడైంది. హరనాథబాబు బల్ల చూసుకోవడానికి వచ్చాడు. ఇస్త్రీ పంచె, ఇస్త్రీ లాల్చీ, రాబోయే పంచాయతీ సమితి ఎన్నికల్లో పట్నం పెద్దాయన చేత సీటు ఇప్పించుకోవడానికి నెల రోజులుగా వేసుకుంటున్న చిరునవ్వు.

"రాధా, గ్లాసులు కుడిచేతి వైపేనా? కిందటిసారి నేను ఆయన గ్లాసులో నీళ్లు తాగేశాను."

"మన వెండి ఎక్కడుంది?"

"బల్ల మీద."

"మన వెండి."

అతను ఆమె చేతిలోని చెంచా వైపు చూశాడు. చెంచా మీద చారు బొట్టు ఆరుతోంది. గ్లాసు ఒకటి ఎడమ నుంచి కుడికి జరిపాడు, మళ్లీ ఎడమకు జరిపాడు.

"ఎవరు చెప్పారు?"

ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడు! కాదంటాడని, కసురుకుంటాడని, అప్పుడు తను నమ్మడానికి ఎక్కడో కాస్త చోటు మిగులుతుందని లోపల ఒక మూల ఆశ ఉన్నట్టుంది. ఆ మూల ఉందన్న సంగతి అది కూలాకే తెలిసింది.

"మెరుగు పెట్టించుకొస్తానని హైదరాబాదు పట్టుకెళ్లారే, అప్పుడేనా?"

"అప్పుడే. పాతబస్తీలో ఒకాయన ఉన్నాడు. తీగల నగిషీతో సహా అచ్చుగుద్దినట్టు చేశాడు. వీటికీ తక్కువేం కాలేదు."

"అసలువి?"

"పెద్దాయన వస్తున్నాడుగా ఇప్పుడు. ఆయన కూతురి పెళ్లికి ఇచ్చాను. ఊరికే చేతులూపుకుంటూ వెళ్తే ఈ బాన్సువాడ రైతుని ఎవడు గుర్తుపెట్టుకుంటాడు?" గొంతు తగ్గించాడు. "చూడు రాధా. రెండేళ్లు నువ్వే తుడిచావు, నువ్వే లెక్కపెట్టావు, నువ్వే బల్ల మీద సర్దావు. నీకే తెలియలేదు. నీకే తేడా తెలియనప్పుడు నీకు పోయిందేమిటి?"

అది ఇవాళ పుట్టిన ప్రశ్న కాదు. రెండేళ్లుగా ఇస్త్రీ చేసి మడతపెట్టి దాచుకున్నాడు.

"గంగామణిని దొంగ అంటుంటే విన్నారు. పక్కనే నిలబడి విన్నారు."

"అందుకేగా పోలీసులు వద్దన్నాను. దానికి ఇంకో ఇల్లు దొరక్కపోదు."

"నాన్న ఇచ్చినవి అవి. నాన్నకు తెలిస్తే..."

హరనాథబాబు మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. ఆ చూపులో తప్పు చేసినవాడి బెరుకు లేదు. జాలి ఉంది. అదే ఆమెను భయపెట్టింది.

"మావయ్యగారిని అడిగే ఇచ్చాను."

"నాన్నని?"

"కాకినాడ వెళ్లి మరీ అడిగాను. వద్దంటారనుకున్నాను. 'ఇచ్చెయ్యండి బాబూ, అది మా అమ్మాయి ఇంట్లోంచి పోతేనే నాకు నిద్ర పడుతుంది' అన్నారు. ఎందుకని నేను అడగలేదు. వరండాలో ఉన్నారుగా, నువ్వే అడుగు." గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంటకు వస్తామన్నారు. మొహం కడుక్కో."

వరండాలో సాంబమూర్తి కుర్చీలో కూర్చుని చేతి రుమాళ్లు మడుస్తున్నాడు. అల్లుడి పెద్ద విందు అంటే చాలు, డెబ్బై దాటిన మనిషి రైలెక్కి, బస్సు మారి, వచ్చేస్తాడు. కాకినాడ దొరల క్లబ్బులో ఆయన మేనేజరు అని ఇక్కడ అందరికీ తెలుసు. బట్లరు అని రాధాకుమారికి తెలుసు. అది తమ ఇద్దరి మధ్యా ఉన్న ఒకే ఒక్క రహస్యమని ఇవాళ్టిదాకా అనుకుంది.

తెల్లగుడ్డ ఆయన వేళ్ల మధ్య విసనకర్రలా విచ్చుకుంది.

"చూశావా రాధమ్మా, చెయ్యి ఇంకా మరిచిపోలేదు."

చెయ్యి మరిచిపోదు. ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. ఏడేళ్ల వయసులో నాన్న ఒళ్లో కూర్చుని ఆ చెంచాలు తుడిచేటప్పుడు, ప్రతి కాడ వెనకా ఒకచోట బొటనవేలు గరుక్కుమని ఆగేది. పల్లంగా, గీకినట్టుగా ఉండే చోటు. కళ్లు మూసుకుని కూడా వేలు దాన్ని వెతుక్కునేది. ఈ రెండేళ్లూ వేలు వెతుక్కోలేదా? వెతుక్కుంది. ప్రతి శుక్రవారం కాడ వెనక జారి, నున్నగా జారిపోయి, ఒక్క క్షణం తడబడేది. ఆ తడబాటును తను ప్రతిసారీ గుడ్డతో తుడిచేసింది. వేలికి తెలుసు. వేలు చెప్పబోతే తను వినలేదు. వింటే ఏం వినాల్సి వస్తుందో కూడా ఎక్కడో తెలిసే ఉంటుంది.

"నాన్నా. ఆ చెంచాల కాడల వెనక గీకినట్టుండేది. గుర్తుందా?"

విసనకర్ర మడత విడిపోయింది. ఆయన దాన్ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"అరుగుదల అమ్మా అది. వాడగా వాడగా అరిగింది."

"ప్రతి చెంచాకీ ఒకేచోటా?"

సాంబమూర్తి ఆ రుమాలును పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాడు.

"అక్కడ ఏం రాసి ఉండేది నాన్నా? క్లబ్బు పేరా?"

సందు చివర జీపు హారన్ మోగింది. ఆయన లేచి నిలబడ్డాడు. కూతురి కోసం కాదు. అతిథులు వస్తే లేచి నిలబడటం ఆ కాళ్లకు అలవాటు.

పెద్దాయన భారీ మనిషి, సరదా మనిషి. బల్ల చూడగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "అబ్బో, హరనాథబాబూ! ఇన్ని సామాన్లా? గివన్నీ ఏసుకోని యుద్ధానికి పోవాల్నా, అన్నం తినాల్నా?"

అందరూ నవ్వారు. హరనాథబాబు అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు. పెద్దాయన ఒక వైపు, హరనాథబాబు ఎదురుగా, సాంబమూర్తి పక్కన కూర్చున్నారు. నాలుగో కుర్చీ ఎప్పటిలాగే ఖాళీ, దాని ముందు కంచం, కత్తి మాత్రం సర్ది ఉన్నాయి. ఆ బల్ల వచ్చిన నాటి నుంచి రాధాకుమారి అతిథుల ముందు ఆ కుర్చీలో కూర్చోలేదు. ఎడమ పక్క నుంచి వడ్డించింది, కుడి పక్క నుంచి తీసింది, ఎవరి కంచం ఎప్పుడు తీయాలో కంచాన్ని చూసే తెలుసుకుంది. ఆ భాష నాన్న నేర్పిందే. కత్తీ ఫోర్కూ పక్కపక్కనే కలిపి పెడితే, నాకు చాలు, కంచం తీసెయ్యండి అని. కొనలు కలవకుండా విడివిడిగా పెడితే, నేనింకా ముగించలేదు, తీయకండి అని. నోరు విప్పక్కర్లేదు. తెలిసిన మనిషి బల్ల దగ్గర ఉంటే చాలు.

చారు సూపులా పోసింది. కొర్రమీను ముక్కలు వడ్డించింది. పెద్దాయన చెంచాను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఏమ్మా, గివి గింత తళతళ ఎట్ల మెరుస్తున్నయి? మా ఇంట్ల గూడ అచ్చం గిట్లాంటి సెట్టే ఉన్నది. బిడ్డ పెండ్లికి ఎవరో ఇచ్చిన్రు."

ఎవరో. రాధాకుమారి భర్త వైపు చూసింది. ఆ ఒక్క మాటకు అతని నెల రోజుల చిరునవ్వు పెదాల మీద చల్లారి, దిగడానికి చోటు లేక అక్కడే నిలబడింది. అతని మీద జాలి కలుగుతుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. కలగలేదు.

"అది నెలకోపారి నల్లగైతది. తోమలేక మా ఆడోళ్ల పానం పోతుంది. మీవి జూస్తే అద్దం లెక్కున్నయి. ఏం పెట్టి తోముతవమ్మా? జర చెప్పు, మా ఇంట్ల చెప్త."

బల్ల చుట్టూ ముగ్గురు మనుషులు. ఒకరికి తెలియదు. ఇద్దరికి తెలుసు. ఆ ఇద్దరూ కంచాల్లోకి చూస్తున్నారు.

"మా రాధ చేతి చలవండీ," అన్నాడు హరనాథబాబు.

తను ఎవరితోనూ పైకి అనని మాట అది. శుక్రవారం పూట ఒంటరిగా, లోలోపల అనుకునే మాట. పెదాలు కదిలేవేమో. ఎప్పుడో గుమ్మంలో నిలబడి విని ఉంటాడు. విని, లోపల నవ్వుకుని, ఇవాళ అవసరానికి తీసి వాడాడు, పెట్టెలోంచి చెంచా తీసినట్టు.

కిటికీ అవతల బావి గట్టు మీద గంగామణి కదలకుండా కూర్చుని ఉంది. ఎండ ఆమె కాళ్ల మీదికి వచ్చింది.

రాధాకుమారి చేతిలోని పులుసు గిన్నె దించింది. నాలుగో కుర్చీ దగ్గరికి నడిచింది. కుర్చీ మీద చెయ్యి వెయ్యకముందే సాంబమూర్తి సగం లేచి, దొరసానికి జరిపినట్టు, దాన్ని వెనక్కి జరిపాడు. జరిపాక గాని తను చేసిందేమిటో ఆయనకు తెలియలేదు. మేనేజర్లు కుర్చీలు జరపరు. ఆయన చెయ్యి కుర్చీ వీపు మీద అలాగే ఉండిపోయింది.

ఆమె కూర్చుంది.

"రాధా?" అన్నాడు హరనాథబాబు.

"గంగామణీ, లోపలికి రా," అంది కిటికీ వైపు, పక్కింటి గోడ దాకా వినబడేటంత గట్టిగా. "ముందు గుమ్మం నుంచి రా. నిన్ను దొంగ అన్నది నేను. కాదని సారు ముందు చెప్పాల్సింది కూడా నేనే. సారు అడిగినదానికీ జవాబు అప్పుడే చెబుతాను. ఈ వెండి ఎందుకు నల్లబడదో."

పెద్దాయన చెంచా గాలిలో ఆగింది. ముందు వరండాలో వట్టి పాదాల చప్పుడు మొదలైంది.

రాధాకుమారి కొంగుముడి విప్పి, ముల్లు వంగిన ఫోర్కును బయటికి తీసింది. భర్త ఆ వంకర ముల్లును చూశాడు. తండ్రి మాత్రం ముల్లును చూడటం లేదు. ఆయన కళ్లు ఆమె చేతుల్ని, ఆమె ముందున్న ఖాళీ కంచాన్ని చూస్తున్నాయి. ఆ చేతులు ఎటు వెళ్తాయోనని చూస్తున్నాయి. ఆమె ఫోర్కును కంచంలో ఎడమ పక్కన పెట్టింది. కత్తి తీసుకుని, తండ్రి కళ్లలోకి చూస్తూ, దాన్ని కుడి పక్కన, కొన కలవకుండా, దూరంగా పెట్టింది.